అంగన్‌వాడీకి రాష్ట్ర బడ్జెట్‌లో డబ్బు అడగడం ఎలా?

మీ ఊరి అంగన్‌వాడీ అద్దె గదిలో నడుస్తోంది. వానొస్తే కురుస్తుంది, బాత్రూం లేదు. సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇచ్చారు, రసీదు చేతికొచ్చింది. కొన్ని వారాల తర్వాత ‘నిధుల లభ్యతను బట్టి చర్యలు తీసుకుంటాం’ అని జవాబొచ్చింది. కంప్యూటర్‌లో మాత్రం మీ అర్జీ పరిష్కారమైనట్టే లెక్క. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. నిజానికి ఆ అధికారి మిమ్మల్ని మోసం చేయలేదు, ఆయన దగ్గర ఆ డబ్బు లేదు, అంతే. గది కట్టాలన్నా, పిల్లల పళ్లెంలో రోజూ గుడ్డు పడాలన్నా ఆ డబ్బు ముందు శాసనసభ ఆమోదించే బడ్జెట్‌లో ఏదో ఒక పద్దు కింద ఉండాలి. కాబట్టి అడగాల్సింది అక్కడ, ఆ పద్దు రాసే నెలల్లో.

తల్లిదండ్రులు, పొదుపు సంఘాల మహిళలు, వార్డు సభ్యులు, రిటైరైన టీచర్లు ఎవరైనా చేయగల పని ఇది. లాయర్ అక్కర్లేదు. పార్టీ కండువా అసలే వద్దు. నలుగురైదుగురు మనుషులు, ఒక కాలిక్యులేటర్, ఏడాది పాటు ఓపిక ఉంటే చాలు.

1. ఒక్క కోరికే ఎంచుకోండి

‘అంగన్‌వాడీలను బలోపేతం చేయాలి’ అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు కూడా. ఆ కోరికకు ధర లేదు. ధర తెలియనిదానికి ఆర్థిక శాఖ డబ్బివ్వదు. ‘మూడు నుంచి ఆరేళ్ల పిల్లల భోజనం ఖర్చును రోజుకు తలకు రెండు రూపాయలు పెంచండి’ అనండి. ‘పాఠాలు చెప్పడానికి ఒక్కో అంగన్‌వాడీకి ఒక అదనపు మనిషిని ఇవ్వండి’ అనండి. అప్పుడు అవతలి వాళ్లు కాలిక్యులేటర్ తీయక తప్పదు.

నన్నడిగితే రాష్ట్ర బడ్జెట్‌ను అడగదగ్గవి మూడే: భోజనం రేటు, సొంత భవనం, పనిచేసే మనుషులు. గోడలకు రంగులు, బొమ్మలు, చిన్న కుర్చీలు దాతలు ఇస్తారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఊరి అంగన్‌వాడీకి రంగులు వేయించే వాళ్లు చాలామందే ఉన్నారు, మంచిదే. కానీ గుడ్ల ధర పెరిగినప్పుడు రంగులు ఆదుకోవు. అలాంటి వాళ్లు మీ ఊళ్లో ఉంటే, సొంత నియోజకవర్గం ఎమ్మెల్యేకి ఒక ఉత్తరం కూడా రాయమని అడగండి. విదేశం నుంచి వచ్చే ఉత్తరాన్ని మన నాయకులు కాస్త ఎక్కువ శ్రద్ధగా చదువుతారు. బాధగానే ఉంటుంది గానీ అది నిజం.

మూడింటిలో నా ఓటు మనుషులకే. ఒక టీచర్ ఒక పూటలో ఏమేం చేస్తుందో గమనించండి. హాజరు వేయాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, పిల్లల బరువు తూచాలి, గర్భిణులకు భోజనం పెట్టించాలి, బాలామృతం ప్యాకెట్లు లెక్కగా పంచాలి, ఇళ్లకు తిరగాలి, మధ్యలో సర్వేలు, ఓటర్ల జాబితా పని. ఆటపాటలకు మిగిలేది అరగంటో గంటో. తమిళనాడులో పరిశోధకులు 320 అంగన్‌వాడీలను తీసుకుని, వాటిలో సగం చోట్ల పిల్లలకు పాఠాలు చెప్పడానికి సగం పూట పనిచేసే మనిషిని అదనంగా పెట్టి చూశారు. బోధన సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. పాత టీచర్‌కు పోషణ పనికి తీరిక దొరకడంతో ఎదుగుదల లోపమూ తగ్గింది. మన పక్క రాష్ట్రంలో జరిగిన పని కాబట్టి అధికారుల ముందు ఈ ఉదాహరణ బాగా పనికొస్తుంది. అమెరికా ఆర్థికవేత్తల లెక్కలు చెబితే ‘అది అమెరికా కదండీ’ అనేస్తారు.

2. ఎవరి వాటా ఎంతో తేల్చుకోండి

మీరు నోరు తెరవగానే వినిపించే మొదటి మాట ‘అది కేంద్రం పథకం’. సగమే నిజం. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు)గా మొదలైన ఈ పథకం ఇప్పుడు ‘సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0’ పేరుతో నడుస్తోంది. మన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించినంత వరకు మామూలు ఖర్చుల్లో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. భోజనం ఖర్చు చెరి సగం. అసలు కిటుకు ఇంకొకటుంది. ఈ పంపకం కేంద్రం ఒప్పుకున్న రేటు వరకే. ఆ పైన పెట్టే ప్రతి రూపాయీ రాష్ట్రానిదే.

గౌరవ వేతనం చూడండి. 2018 అక్టోబర్ నుంచి కేంద్రం లెక్కలో టీచర్ వేతనం నెలకు 4,500 రూపాయలు. అందులో 60 శాతం, అంటే 2,700 మాత్రమే ఢిల్లీ నుంచి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ వేతనం 2019లో 11,500 అయింది, అంటే 8,800 రాష్ట్ర ఖజానాలోంచే వెళ్లాలి. తెలంగాణలో 2021లో 13,650 అయింది, అక్కడ రాష్ట్రం మోసేది 10,950. కాబట్టి వేతనం విషయంలో ఇది ముప్పాతిక వంతు రాష్ట్ర పథకమే. ‘కేంద్రం పథకం’ అన్నవాళ్లకు ఈ రెండు వాక్యాలు చాలు.

ఇప్పుడు భోజనం. 2017లో కేంద్రం పెట్టిన రేటు పిల్లలకు రోజుకు 8 రూపాయలు, గర్భిణులకు, బాలింతలకు 9 రూపాయల 50 పైసలు, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న పిల్లలకు 12 రూపాయలు. మీరు అడిగేనాటికి ఏ రేటు అమల్లో ఉందో ఒకసారి చూసుకోండి. 8 రూపాయల్లో ఒక గుడ్డు కొన్నాక పప్పుకు, నూనెకు, కూరగాయలకు, పోపుకు ఎంత మిగులుతుందో ఇంట్లో వంట చేసే ఎవరినడిగినా చెబుతారు. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెట్టాలి. తొమ్మిదిన్నర రూపాయల్లో అది అయ్యే పని కాదు. రాష్ట్రం అదనంగా పెడితేనే అవుతుంది. అంటే అదనంగా పెట్టే అలవాటు రాష్ట్రానికి ఉంది, మీరు కొత్త తలుపు తట్టడం లేదు.

ఇంకో మాట. కేంద్రం డబ్బుకు రాష్ట్రం తన వాటా కలపాలి. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం తర్వాతి విడత ఆగుతుంది. ‘మీ 40 రూపాయలు వేయకపోతే అవతలి 60 కూడా రావు’ అనే వాదన ఆర్థిక శాఖకు అన్నిటికన్నా తేలిగ్గా ఎక్కుతుంది.

3. బడ్జెట్ పుస్తకం తెరవండి

ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇదే, అందుకే దీనిమీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖల వెబ్‌సైట్లలోనూ బడ్జెట్ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఆర్థిక మంత్రి ప్రసంగం జోలికి పోకండి. అది పత్రికల కోసం రాసింది. మీకు కావాల్సింది పద్దులవారీ వివరాలున్న సంపుటాలు. వాటిలో మహిళా, శిశు సంక్షేమ శాఖ పద్దు వెతకండి.

లోపల అంకెల వరసలుంటాయి. భయపడొద్దు, మీకు మూడు నంబర్లు తెలిస్తే చాలు. 2235 అంటే సామాజిక భద్రత, సంక్షేమం. దాని కింద 02-102 శిశు సంక్షేమం. 2236 అంటే పోషకాహారం. 4235 అంటే సంక్షేమ రంగంలో భవనాల్లాంటి శాశ్వత ఆస్తులకు పెట్టే ఖర్చు. ఈ నంబర్లు దేశంలో అన్ని రాష్ట్రాలకూ ఒకటే.

ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా జారిపడే చోటు ఒకటుంది. అంగన్‌వాడీ డబ్బంతా ఒకే లైన్లో ఉండదు. ఎస్సీ ఉప ప్రణాళిక వాటా 789 అనే నంబర్ కింద, గిరిజన ఉప ప్రణాళిక వాటా 796 కింద విడిగా చూపిస్తారు. ఒక్క 102 లైన్ చూసి ‘సగానికి సగం కోసేశారు’ అని ప్రెస్ మీట్ పెడితే, మధ్యాహ్నానికల్లా అధికారులు మిగతా రెండు లైన్లూ చూపిస్తారు. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మేవాళ్లుండరు. ఒకే పథకం పేరు ఎన్నిచోట్ల కనిపిస్తే అన్నీ కూడండి.

ఇక నిలువు గడులు. ఎడమ నుంచి మొదటిది రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు. తర్వాత ఈ ఏడాది బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా. చివరిది వచ్చే ఏడాది అంచనా. అందరూ చివరి గడి చూసి సంతోషిస్తారు, లేదా తిడతారు. మీరు మొదటి గడి చూడండి. రెండేళ్ల కిందట ఇదే పథకానికి ఎంత ప్రకటించారో ఆనాటి పుస్తకంలో ఉంటుంది, ఎంత ఖర్చయిందో ఈనాటి పుస్తకంలో ఉంటుంది. ఉదాహరణకు అప్పుడు 100 కోట్లు ప్రకటించి 62 కోట్లే ఖర్చు చేశారనుకోండి, మీ కోరిక మారిపోతుంది. ఇంకా ఎక్కువ కేటాయించమనడం దండగ. కేటాయించినదాన్ని విడుదల చేయమని అడగాలి. అదే 100కి 100 ఖర్చయి, అయినా చాలకపోతే అప్పుడు పెంచమనాలి. రోగం ఏదో చూడకుండా మందు అడిగితే ఆ మందే ఇస్తారు, కాగితం మీద.

శాఖ మొత్తం కేటాయింపు చూసి కూడా మోసపోవద్దు. అంగన్‌వాడీతో సంబంధం లేని పథకాలు కూడా అదే శాఖ కింద ఉంటాయి. మొత్తం పెరిగిందంటే మన లైన్ పెరిగినట్టు కాదు.

4. మీ కోరికకు ధర కట్టండి

ఏడాదికి 300 రోజుల భోజనం లెక్క. తలకు రెండు రూపాయలు పెంచితే ఒక బిడ్డకు ఏడాదికి 600 రూపాయలు. పాతిక మంది పిల్లలున్న కేంద్రానికి 15,000. లక్ష మంది పిల్లలకు 6 కోట్లు. కేంద్రం రేటు మారనంత కాలం ఇదంతా రాష్ట్రం భారమే, ఆ మాట దాచకుండా రాయండి. దాచితే వాళ్లే బయటపెడతారు.

వేతనం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలు, తెలంగాణలో 35,700. కేంద్రానికొక టీచర్ అనుకుని నెలకు వెయ్యి పెంచితే ఆంధ్రప్రదేశ్‌కు ఏడాదికి సుమారు 66 కోట్ల 73 లక్షలు, తెలంగాణకు 42 కోట్ల 84 లక్షలు. ఆయాలకు విడిగా కట్టుకోవాలి.

అదనపు మనిషికి నెలకు 8,000 ఇవ్వాలనుకుంటే ఒక్కో అంగన్‌వాడీకి ఏడాదికి 96,000, వెయ్యి కేంద్రాలకు 9 కోట్ల 60 లక్షలు. రాష్ట్రమంతా ఒకేసారి అడిగితే వందల కోట్లవుతుంది, ఫైలు మూసుకుంటుంది. ‘ముందు వెయ్యి కేంద్రాల్లో, ఏజెన్సీ మండలాలతో మొదలుపెట్టి’ అంటే ఒక మంత్రి తన చేతులమీదుగా ప్రారంభించగల సైజుకు వస్తుంది. మంత్రులకు ప్రారంభించడం ఇష్టం, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

5. మీ మండలం వివరాలు పోగేయండి

రాష్ట్రం అంకెలు అధికారుల దగ్గర ఉంటాయి. మీ బలం మీ మండలం వివరాలే. సూపర్‌వైజర్‌ని, సీడీపీఓని (కొన్ని మండలాల అంగన్‌వాడీలు కలిసిన ‘ప్రాజెక్టు’ను చూసే అధికారి) మర్యాదగా అడిగితే చాలాసార్లు నోటిమాటగా చెప్పేస్తారు. కాగితం మీద కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డుంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు.

ప్రశ్నలు చిన్నగా, లెక్కకు వచ్చేలా ఉండాలి. ప్రాజెక్టులో ఎన్ని కేంద్రాలు సొంత భవనంలో ఉన్నాయి, ఎన్ని అద్దెలో, ఎన్ని బడి ఆవరణలో? అద్దె ఏ నెల వరకు చెల్లించారు? గత ఆరు నెలల్లో గుడ్లు ఏ తేదీల్లో, ఎన్ని అందాయి? ఖాళీ పోస్టులెన్ని, ఎప్పటి నుంచి? ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడగొద్దు. రికార్డులో ఉన్న సమాచారమే ఇస్తారు, సంజాయిషీలు ఇవ్వరు.

అసలు అంగన్‌వాడీయే లేని తండా, కాలనీ, మురికివాడ మీ పరిధిలో ఉంటే ఆరేళ్లలోపు పిల్లలను ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టండి. 40 మందికి తగ్గకుండా ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లోగా పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఆహార హక్కు కేసులో ఆదేశించింది. ఆ 40 పేర్లు, తల్లుల సంతకాలతో ఉన్న జాబితా ఎన్ని ఉపన్యాసాలకైనా సమానం. పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

6. నెలలు గుర్తుపెట్టుకోండి

మార్చిలో బడ్జెట్ వచ్చాక ధర్నా చేస్తే పేపర్లో ఫొటో వస్తుంది. డబ్బు రాదు, ఎందుకంటే పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది. సాధారణంగా శాఖలు వచ్చే ఏడాది ప్రతిపాదనలను శరదృతువులోనే, దసరా దీపావళి రోజుల నుంచి తయారు చేయడం మొదలుపెడతాయి. జనవరిలో ఆర్థిక మంత్రి ఒక్కో శాఖతో కూర్చుంటారు. ఫిబ్రవరి, మార్చిలో సభకు వస్తుంది.

దాన్ని బట్టి మీ పని: జూలై, ఆగస్టులో పుస్తకం చదవడం, ఆర్టీఐలు వేయడం. అక్టోబర్ 2 గ్రామసభలో తీర్మానం. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు రాసేదీ ఆ రోజుల్లోనే. వాటి తొమ్మిది ఇతివృత్తాల్లో ‘బాలల హిత పంచాయతీ’ ఒకటి, కాబట్టి సర్పంచ్ గారు కాదనడానికి కారణం ఉండదు. అక్టోబర్, నవంబర్‌లో శాఖ కమిషనర్‌కి, డైరెక్టర్‌కి వినతిపత్రం. డిసెంబర్, జనవరిలో మంత్రి, ఎమ్మెల్యేలు. ఎన్నికల ఏడాదిలో ఇదంతా తారుమారవుతుంది. 2024లో తెలంగాణ పూర్తి బడ్జెట్ జూలై 25న, ఆంధ్రప్రదేశ్‌ది నవంబర్ 11న వచ్చాయి. అలాంటి ఏడాదిలో ఓట్ ఆన్ అకౌంట్‌కీ (కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి) పూర్తి బడ్జెట్‌కీ మధ్య దొరికే నెలలు మీకు లాభమే. మేనిఫెస్టో రాసే రోజుల్లో అన్ని పార్టీలకూ ఒకే కాగితం ఇవ్వండి.

7. వినతిపత్రం ఒక్క పేజీ

రెండో పేజీ ఎవరూ తిప్పరు. ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,
విషయం: వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో అంగన్‌వాడీ పిల్లల భోజనం రేటు పెంపు గురించి.
అయ్యా / అమ్మా, మా మండలంలో ఇన్ని అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇంతమంది ఉన్నారు. ప్రస్తుత రేటు రోజుకు తలకు ఇంత. మా మార్కెట్లో ఈ నెల గుడ్డు ధర ఇంత, కిలో కందిపప్పు ధర ఇంత. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం ఈ వయసు పిల్లలకు రోజుకు ఇన్ని కేలరీలు, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఈ రేటుతో అది కష్టం. తలకు రెండు రూపాయలు పెంచి, 2236 పద్దు కింద ఆ మేరకు కేటాయింపు ప్రతిపాదించాలని మనవి. మా జిల్లాకు దీనివల్ల ఏడాదికి అయ్యే అదనపు ఖర్చు ఇంత. లెక్క వెనక జత చేశాం. గ్రామసభ తీర్మానాలు జతపరిచాం.’

చట్టం పేరు ఎత్తేటప్పుడు తేడా తెలుసుకోండి. భోజనానికి గట్టి చట్టం ఉంది. 2013 చట్టంలోని 5వ సెక్షన్ ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా ఇచ్చింది. అందకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్ చెబుతుంది. రాష్ట్ర ఆహార కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. చదువు విషయంలో అంత బలం లేదు. రాజ్యాంగం 45వ అధికరణం ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం ‘ప్రయత్నించాలి’ అంటుంది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు ‘చేయవచ్చు’ అంటుంది. అందుకే బోధన కోసం డబ్బు అడిగేటప్పుడు చట్టంతో బెదిరించకండి. 2030 నాటికి ఈ వయసు పిల్లలందరికీ నాణ్యమైన విద్య అందిస్తామని 2020 జాతీయ విద్యా విధానంలో పెట్టుకున్న గడువును గుర్తుచేయండి. ‘ఏటా ఎంత పెడితే ఆ గడువు అందుకుంటారు?’ అని అడగండి.

ఆరోగ్యం అంకెలు కావాలంటే ఒకటి రెండు చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు 63.2, 70 శాతం.

8. ఎమ్మెల్యేని కలవడం

అపాయింట్‌మెంట్ కోసం పీఏతో మాట్లాడండి, కానీ ఉదయం ఇంటి దగ్గర కలిస్తేనే పని జరుగుతుంది. ఐదారుగురు వెళ్లండి, అందులో చంటిబిడ్డ తల్లులు సగమైనా ఉండాలి. మాట్లాడేది వాళ్లే అయితే మరీ మంచిది. ‘అన్నా, మా పిల్లలకు గుడ్డు వారంలో నాలుగు రోజులే వస్తోంది’ అని ఒక తల్లి అంటే, ఆపైన మీ చేతిలోని కాగితం దానంతటదే చదివిస్తుంది.

వెళ్లేముందే ఆయన్నుంచి ఏం కావాలో తేల్చుకోండి. ‘మా తరఫున మాట్లాడండి’ అంటే తలూపేస్తారు. సభలో నక్షత్రం గుర్తు ప్రశ్న (మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సినది) వేయమనండి, ఆ ప్రశ్న మీరే రాసి ఇవ్వండి: ‘రాష్ట్రంలో అద్దె భవనాల్లో నడుస్తున్న అంగన్‌వాడీలు ఎన్ని? అద్దె బకాయిలు ఎంత? సొంత భవనాలకు ఈ ఏడాది ఎంత కేటాయించారు?’ మంత్రి సభలో చెప్పిన జవాబు రికార్డవుతుంది, ఆ తర్వాత మీరు దాన్నే చూపించి మాట్లాడొచ్చు. ఆయన ప్రతిపక్షం అయితే పద్దులపై చర్చలో మాట్లాడమనండి, కోత తీర్మానం (పద్దును తగ్గించాలంటూ నిరసనగా పెట్టే తీర్మానం) ఇవ్వమనండి. అధికార పక్షం అయితే సభలో గొడవ చేయరు, కాబట్టి మంత్రికి తన లెటర్‌హెడ్ మీద సిఫారసు రాయించుకోండి. శాసనసభలో మహిళా, శిశు సంక్షేమం చూసే కమిటీ ఉంటుంది, మీ జిల్లా సభ్యులెవరైనా అందులో ఉన్నారేమో చూడండి. పర్యటనకు వచ్చినప్పుడు కమిటీలు అధికారులను అందరి ముందూ అడుగుతాయి.

9. టీచర్లను ఇరుకున పెట్టకండి

మీకు సమాచారం ఇచ్చింది ఫలానా టీచర్ అని తెలిస్తే ఆమెకు మెమో వస్తుంది. ఆమె పేరు, ఆమె కేంద్రంలో తీసిన ఫొటో, ఆమె చెప్పిన మాట ఏదీ బయట పెట్టకండి. ఒకే కేంద్రం ఉదాహరణ కాకుండా మండలం మొత్తం లెక్క చెప్పడంలో ఉన్న మరో లాభం ఇదే.

యూనియన్లతో కలవాలా వద్దా అని కొందరికి టెన్షన్. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు, మధ్యలో వాళ్లమీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు ఇబ్బంది పడ్డ మాట నిజమే. అయినా పాఠం చెప్పే మనిషికి సరైన జీతం లేకుండా పాఠం బాగుపడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కుందని తీర్పిచ్చింది. నా సలహా, వినతిపత్రాలు వేరుగా ఇవ్వండి, ఒకరి కోరికకు ఇంకొకరు మద్దతు చెప్పండి. తల్లులు వెళ్లి ‘టీచర్‌కి జీతం పెంచండి’ అంటే వినే తీరే వేరు.

10. ఈ జవాబులకు సిద్ధంగా ఉండండి

‘ఖజానాలో డబ్బు లేదు.’ ఉండకపోవచ్చు. అందుకే దశలవారీగా, వెయ్యి కేంద్రాలతో మొదలుపెట్టమన్నాం అనండి.

‘పిల్లలు రావడం లేదు, అందరూ ప్రైవేటు నర్సరీలకే పోతున్నారు.’ దీనికి మాత్రం కాస్త ఆలోచించి చెప్పాలి, ఎందుకంటే చాలా ఊళ్లలో ఇది నిజం. మూడేళ్ల పిల్లను ఆటో ఎక్కించి పంపే తల్లి అక్కడ ఏబీసీడీల కోసమే పంపుతోంది. అంగన్‌వాడీలో పాఠం చెప్పే తీరిక మనిషికి లేకపోవడమే అసలు కారణం, మేం అడుగుతున్నదీ ఆ మనిషినే అని చెప్పండి. మీ ఊళ్లో ప్రైవేటు నర్సరీకి ఒక్కో కుటుంబం ఏడాదికి ఎంత కడుతోందో పది ఇళ్లలో అడిగి ఆ అంకె పట్టుకెళ్లండి. తెలంగాణలో 2025లో కొన్ని ప్రభుత్వ బడుల్లోనే ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. ఆ తరగతులకు వేరే, అంగన్‌వాడీలకు వేరే డబ్బు ఉందా, లేక ఒకదాన్ని కోసి ఇంకొకదానికి ఇస్తున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

‘కేంద్రాన్ని అడగండి.’ రెండో మెట్టులోని లెక్క చూపండి. ఎంపీకి కూడా ఒక కాపీ ఇచ్చామనండి, నిజంగానే ఇవ్వండి.

11. కేటాయించాక

బడ్జెట్‌లో లైన్ వచ్చింది. స్వీట్లు పంచుకోండి, కానీ ఫైలు కట్టేయకండి. కేటాయింపు ఒకటి, పాలనా అనుమతి జీవో ఇంకొకటి, బడ్జెట్ విడుదల ఉత్తర్వు మరొకటి, బిల్లు పాసై ఖాతాలో పడటం ఇంకో ఎత్తు. మూడు నెలలకోసారి జిల్లా అధికారి కార్యాలయంలో అడగండి: ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, ఏ బిల్లులు పెండింగ్? డిసెంబర్ నాటికి సగం కూడా విడుదల కాలేదంటే సవరించిన అంచనాల్లో ఆ లైన్ కోతకు గురవుతుంది. కాబట్టి వినతిపత్రం నవంబర్‌లోనే, ఈసారి ‘విడుదల చేయండి’ అని. జిల్లా విలేకరికి కూడా అదే మూడు అంకెల కాగితం ఇవ్వండి: ప్రకటించింది, విడుదలైంది, ఖర్చయింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఏటా ఇచ్చే కేటాయింపు ఖాతాల్లో మిగిలిపోయిన డబ్బు పద్దులవారీగా కనిపిస్తుంది. అది వచ్చినప్పుడు మన పద్దు పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, వచ్చే అక్టోబర్‌లో కమిషనర్ బల్ల మీద మొదట పెట్టాల్సింది ఆ పేజీనే.